వంకరకొమ్ము కనిపించలేదన్నాను

అక్టోబరు 9, గురువారం

మా ఆయన ఎల్డన్‌కి మేజోళ్ళు తొడిగి, గుడ్డు ముక్కలు చేసి పెట్టి, ఫోను అతని కుడిచేతికి అందేట్టు ఉంచి కొండెక్కాను. ఏదైనా కదిలితే వాటంతటవే ఫోటో తీసే నాలుగు కెమెరాల్లోనూ కార్డులు మార్చాలి. ఏటా ఇది అతని పని. ఏప్రిల్లో పక్షవాతం ఎడమవైపంతా లాగేశాక నా పని అయింది.

మొదటి మూడింట్లో ఎప్పుడూ ఉండేవే. పెద్ద జింకల్లాంటి ఆడ ఎల్క్‌లు, వాటి పిల్లలు, గాలికి ఊగిన కొమ్మ, ఒక ఎలుగుబంటి వెనకభాగం. నాలుగోది కనుమ కింద బురదగుంట దగ్గర ఫర్ చెట్టుకి కట్టి ఉంది. దాని కార్డుని ట్రక్కులో కూర్చుని ఫోనుకి తగిలించి చూశాను.

ఉన్నాడు. వంకరకొమ్ము. గుర్రమంత ఎల్క్ పోతు, ఒళ్ళంతా బురద, ఎడమకొమ్ము చెవి మీదుగా కిందికి వంగి. ఎల్డన్ మూడేళ్ళుగా వీడి కోసం తిరిగాడు. రెండుసార్లు కంటబడ్డాడు గానీ తుపాకీ ఎత్తే వీలివ్వలేదు.

ఇంటికొచ్చేసరికి ఎల్డన్ తలుపువైపే చూస్తున్నాడు.

"ఉన్నాడా?" నాలుక ఇంకా మందంగానే ఉంది, కానీ ఈ మాట స్పష్టంగా వస్తుంది.

"ఆడవీ, పిల్లలూ. ఓ ఎలుగు."

ఎందుకలా అన్నానో తెలియదు. అలిసిపోయి ఉన్నాను. రేపు చెప్తాను. ఇంకో ఫోటో దొరికాక చెప్తే ఇంకా బాగుంటుంది కదా. వాడి ఫోటోలు నా ఫోనులోకి ఎక్కించుకుని కార్డులోంచి తీసేశాను, పోకుండా ఉంటాయని.

అక్టోబరు 10

చెప్పలేదు. వ్యాయామాలు చేయించే అమ్మాయి కోరీన్ వచ్చింది. తీరిక దొరకలేదు.

అక్టోబరు 12, ఆదివారం

రస్ వచ్చాడు. ఎల్డన్ తమ్ముడు. ముందు నోరు వస్తుంది, వెనకాల మనిషి వస్తాడు. చర్చి ఆడవాళ్ళు మా కోసం పంపిన బంగాళాదుంపల వంటకం తెచ్చి సగం తనే తిన్నాడు.

"ఏం వదినా, ఎక్కడ దాచావు వాణ్ణి?"

"ఎవర్ని?"

"ఇంకెవర్ని, వంకరకొమ్ముని. బుధవారం వేట సీజన్ తెరుస్తున్నారు. నాకు చెప్పకుండా నువ్వే కొట్టేద్దామనా?"

"కనిపిస్తే కదా దాచడానికి."

"అన్నయ్య కట్టిన కెమెరాల్లో వాడు పడకపోవడమేంటి? లెన్సుకి మీ ఆవిడ రొట్టె పిండి గానీ పూసిందా ఏంటన్నయ్యా?"

"నీ కెమెరాలు నువ్వు కట్టుకో," అన్నాడు ఎల్డన్.

"ఉన్నవి రెండు. ఒకదాన్ని ఎలుగు నమిలేసింది." చేతులు తుడుచుకుని నావైపు తిరిగాడు. "పోనీ ఎటు పొమ్మంటావో చెప్పు వదినా. నువ్వు ఎటంటే అటు."

వాగుకి అవతల, రెండేళ్ళ కిందట కాలిన అడవి నోటికొచ్చింది. నల్లటి మోళ్ళు తప్ప అక్కడేమీ లేదు. "కాలిన అడవివైపు వెళ్ళు. కొత్త గడ్డి మొలిచింది," అన్నాను. గడ్డి మొలిచిన మాట నిజమే.

ఎల్డన్ నావైపు చూశాడు. ఈమధ్య అందర్నీ అలాగే చూస్తున్నాడు, ఒక రెప్ప సగం వాల్చి.

అక్టోబరు 15, బుధవారం

సీజన్ మొదలైంది. తెల్లవారీ వారకముందే లోయలో తుపాకులు మోగాయి. నా వేట అనుమతి ట్యాగ్, నా తుపాకీ పట్టుకుని కనుమ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఎల్డన్‌కీ ట్యాగ్ ఉంది. మార్చిలోనే కొన్నాడు, ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

బురదగుంట దగ్గరికి దిగలేదు. గాలి నా వీపు మీంచి వీస్తోందని, దిగితే నా వాసన వాడికి తగులుతుందని ఎల్డన్‌కి చెప్పాను. ఇక్కడ కూడా అదే రాద్దామనుకున్నాను.

గాలి మొహానికే వీచింది.

అక్టోబరు 17

పెరట్లో గడ్డివామిని ఏవో తినేస్తున్నాయి. ఎల్క్‌లో, జింకలో. కొట్టంలో పాత కెమెరా ఒకటి దొరికితే కంచె గుంజకి కట్టి, వామి వైపు తిప్పి వచ్చాను. ఎల్డన్‌కి చెప్పడం మర్చిపోయాను. చెప్పేంత విషయమూ కాదు.

రోజూ ఇదే వరస. మేజోళ్ళు, బెల్టు, మాత్రలు, మాంసం ముక్కలు చేయడం, గడ్డం గీయడం. అతను "థాంక్స్" అంటాడు, ప్రతిసారీ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనని మనిషి. ఆ మాట వింటే నాకు ఇంట్లోంచి బయటికి పరుగెత్తాలనిపిస్తుంది.

అక్టోబరు 21, మంగళవారం

వాడి కొత్త ఫోటోలు. రెండుసార్లు వచ్చాడు, రెండూ పొద్దుటిపూటే. బురదలో దొర్లడం మానేశాడు. ఎద దాటిపోయింది, ఒంటరిగా తిరుగుతున్నాడు, పక్కటెముకలు తేలుతున్నాయి. ఎల్డన్ అయితే ఇది చూసి ఎంతసేపు మాట్లాడేవాడో.

తర్వాత ఇంటికి రావలసింది. రాలేదు. కనుమ దాటి చిన్న చెరువు దాకా నడిచాను. బూట్లు విప్పి, నీళ్ళలో కాళ్ళు పెట్టి, నొప్పి పుట్టేదాకా ఉంచాను. ఎవరూ పిలవలేదు. ఎవరికీ ఏమీ అందివ్వక్కర్లేదు. సన్నగా వడగళ్ళవాన మొదలైనా లేవబుద్ధి కాలేదు. కెమెరా బ్యాటరీ పాడైందని చెప్పాలని దారిలో అనుకున్నాను.

అడగలేదు అతను. కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. పంట్లాము అంచులు తడిగా ఉన్నాయి. దవడ మీద కమిలింది.

"ఏమైంది?"

"బాత్రూం తలుపు. నీళ్ళు ఒలికాయి."

తలుపు తగిలితే దవడ అంచున తగులుతుందా అని ఒక్క క్షణం అనిపించింది. బంగాళాదుంపలు ఉడకబెట్టాను.

అక్టోబరు 25, శనివారం

"వదినా, అది అడవి కాదు, పొయ్యి," అన్నాడు రస్, మోకాళ్ళ దాకా మసితో. "పదిరోజులుగా తిరుగుతున్నాను, కుందేలు కూడా లేదు. అన్నయ్యా, కనుమ కింద నా కెమెరా ఒకటి కట్టుకోనా?"

నేను లేచి అంట్ల దగ్గరికి వెళ్ళాను.

"వద్దు," అన్నాడు ఎల్డన్.

"నువ్వు ఎలాగూ..." రస్ ఆగాడు.

"ఈ ఏడు అది లోర్నాది. మీ వదినని వదిలెయ్యి."

రస్ టోపీ తీసుకుని గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. ఎల్డన్ టీవీ పెంచాడు. నేను అంట్లు తోమాను, తోమినవే మళ్ళీ.

అక్టోబరు 27, సోమవారం

ఇవాళ చూశాను. ఫోటోలో కాదు.

గుంటకి పైన, రాతికి ఆనుకుని కూర్చున్నాను. మంచు పలచగా పడి ఉంది. ముందు చప్పుడు వినిపించింది, ఎండుకొమ్మ ఎవరో మోకాలికి ఆనించి విరిచినట్టు. తర్వాత చెట్ల మధ్య రంగు కదిలింది, ఎండుగడ్డి రంగు. తలొంచుకుని వచ్చాడు. ఆ వంకరకొమ్ము ప్రతి కొమ్మకీ తగులుతుంటే తల పక్కకి వంచి దారి చేసుకుంటున్నాడు, పాపం, సామాను మోసేవాడిలా. ముందుకాలు కుంటుతున్నాడు. ఎక్కడో పోట్లాడి ఉంటాడు.

తుపాకీ రాతి మీద ఆనించి ఉంది. స్కోపులో వాడి భుజం, ఊపిరి తీసినప్పుడల్లా లేస్తూ పడుతూ. మా నాన్నతో తిరిగిన రోజుల్లో ఇంతకంటే దూరం కొట్టాను. వేలు సరైన చోటే ఉంది.

కొడితే ఏమవుతుందో వరసగా కనిపించింది. రస్ గుర్రాన్ని తెస్తాడు. మాంసం ఫ్రీజర్లోకి వెళ్తుంది. ఎల్డన్ కొమ్ముల్ని నిమురుతాడు. మర్నాడు పొద్దున మేజోళ్ళు తొడిగాక నాకు వెళ్ళడానికి ఎక్కడా ఏమీ ఉండదు.

వేలు తీసేశాను. వాడు చల్లటి నీళ్ళు తాగి, తాపీగా ఎక్కి పోయాడు.

"ఏమన్నా కదిలిందా?" అన్నాడు ఎల్డన్, నేను కోటు విప్పుతుంటే.

"లేదు."

కుంటివాడిని కొట్టడం న్యాయం కాదని కొట్టలేదు. అందుకే.

అక్టోబరు 30, గురువారం



వామి దగ్గర కెమెరా సంగతి ఇవాళ గుర్తొచ్చింది. కార్డు తెచ్చి ట్రక్కులో కూర్చుని చూశాను, జింకలుంటాయని. మొదట జింకలే ఉన్నాయి.

తర్వాత ఎల్డన్.

పెరటి తలుపు ముందు నిలబడి ఉన్నాడు, కుడిచేతిలో కర్ర, పైన కోటు లేదు. తర్వాతి ఫోటోలో మెట్టు దిగి ఉన్నాడు. ఆ తర్వాత వామికి సగం దూరంలో. నోరు బిగబట్టి, ఎడమకాలిని చేపల వల లాగినట్టు లాక్కుంటూ. నేను కొండకి వెళ్ళిన ప్రతిరోజూ ఉన్నాడు. గడ్డివామిని తాకి వెనక్కి వెళ్తున్నాడు. ఒకరోజు వామికి ఆనుకుని నవ్వుతున్నాడు, ఒక్కడే.

ఇరవయ్యొకటో తారీకు మంగళవారం ఫోటోలు వేరే. మొదటిదాంట్లో నడుస్తున్నాడు. రెండోదాంట్లో కర్ర పక్కకి ఒరిగి ఉంది, అతను మసగ్గా ఉన్నాడు. మూడోదాంట్లో నేలమీద ఉన్నాడు, బోర్లా. తర్వాత చాలాసేపు ఏమీ కదల్లేదు కాబోలు, కెమెరా ఏమీ తీయలేదు. మళ్ళీ ఫోటో వచ్చేసరికి వడగళ్ళు పడుతున్నాయి, తల ఎత్తి ఉన్నాడు, నోరు తెరిచి ఉంది. పిలుస్తున్నాడు. ఆ నోటి తీరు నాకు తెలుసు. నా పేరు.

తర్వాతవి పాక్కుంటూ. కుడి మోచేతి మీద, కంచె దాకా. తీగ పట్టుకుని లేవడం. మళ్ళీ పడడం. మళ్ళీ లేవడం.

నేను చెరువులో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న పూట.

అక్టోబరు 31

ఏమీ అనలేదు. అతనూ అనలేదు. కోరీన్ మాత్రం వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది. "లోర్నా గారూ, ఆ కాలికి అంత బలం నా వ్యాయామాలతో వచ్చింది కాదు. ఇంకేదో చేస్తున్నారు ఆయన. మీరు చేయిస్తున్నారా?"

"లేదు," అన్నాను. ఈ నెలలో నేను చెప్పిన మొదటి నిజమేమో.

నవంబరు 2, ఆదివారం

పొద్దున చర్చికి వెళ్ళలేదు. ఫోను టీవీకి తగిలించి, ఏమీ చెప్పకుండా వంకరకొమ్ము ఫోటోలు పెట్టాను. ఒక్కొక్కటీ వస్తుంటే ఎల్డన్ ముందుకి వంగాడు.

"మొదటిది తొమ్మిదో తారీకుది," అన్నాడు. ఫోటో మూలనున్న తేదీ చదివాడు.

"అవును."

"కనిపించలేదన్నావు."

"అన్నాను. పోయిన సోమవారం ఎదురుగా నిలబడ్డాడు కూడా. కొట్టలేదు."

ఫోటో మీంచి కళ్ళు తీయలేదు. "నాకు తెలుసు, వాడు ఉన్నాడని."

"ఎలా?"

"ఏమీ లేకపోతే రెండోరోజే విసుక్కుంటూ వచ్చేదానివి. నువ్వు కొండ మీంచి వచ్చినప్పుడు మొహం బాగుంటోంది. ఏప్రిల్ నుంచి చూడలేదు ఆ మొహాన్ని." ఒక్కో మాటా కూడబలుక్కుంటున్నాడు. "ఎందుకు దాచావో మాత్రం తెలియలేదు."

అప్పుడు రెండో కార్డు పెట్టాను. తనని తాను చూసుకున్నాడు, నేలమీద.

"అది ఎక్కడ కట్టావు?"

"గుంజకి. జింకల కోసం. ఎల్డన్, ఎందుకు చెప్పలేదు నాకు?"

"చెప్తే పట్టుకుంటావు. నువ్వు పట్టుకుంటే నేను నడిచినట్టు కాదు, నువ్వు నడిపినట్టు." టీవీలో అతను పాకుతున్నాడు. "ఆపెయ్ దాన్ని."

ఆపేశాను. "ఆ రోజు నా పని ముందే అయిపోయింది. చెరువు దగ్గర కూర్చున్నాను. ఊరికే. ఇంటికి రావాలనిపించలేదు. చాలా రోజులు రావాలనిపించదు."



"పిలిచాను నిన్ను," అన్నాడు. "చాలాసేపు పిలిచాను. తిట్టాను కూడా." కుడిచేత్తో ఎడమచేతిని ఒళ్ళోకి తీసుకుని పెట్టుకున్నాడు, ఎవరిదో వస్తువులా. "నాకు కాళ్ళుంటే నేనూ ఈ ఇంటికి వచ్చేవాణ్ణి కాదు లోర్నా. నాకూ విసుగ్గానే ఉంది, ఈ కుర్చీలో మనిషంటే."

అతను ఏడవలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టి, కప్పులు మర్చిపోయి, మళ్ళీ వెళ్ళాను.

"గురువారం నన్ను తీసుకెళ్ళు," అన్నాడు. "దుంగలు తోలే బాట చివరి దాకా ట్రక్కు వెళ్తుంది. అక్కణ్ణుంచి గుంట కనిపిస్తుంది. తుపాకీ దేనిమీదైనా ఆనిస్తే కుడిచెయ్యి చాలు."

నవంబరు 4

మంచు బాగా పడింది. ఎల్డన్ కుర్చీలో కూర్చుని ఖాళీ తుపాకీ కిటికీ అంచున ఆనించి సాధన చేస్తున్నాడు. పొద్దుటి నుంచి అదే పని. మధ్యాహ్నం నేను పిలవకుండానే భోజనానికి వచ్చాడు, కర్రతో. ఇద్దరం అది గమనించనట్టే ఉన్నాం.

నవంబరు 5, బుధవారం

సాయంత్రం రస్ హారన్ కొట్టుకుంటూ వచ్చాడు. కిటికీలోంచి చూశాను. ట్రక్కు వెనక గుడ్డ సంచుల్లో మాంసం, వాటి పైన తల. చెవి మీదుగా వంగిన ఎడమకొమ్ము.

"అన్నయ్యా, కిటికీ దగ్గరికి రా, చూడు," అని అరుస్తున్నాడు ముంగిట్లోంచి. "వదినా, కుర్చీ ఇటు తిప్పు."

ఎల్డన్ లేచాడు. కర్ర తీసుకున్నాడు. నేను తలుపు తీశాను, అంతే చేశాను. గుమ్మం దాటాడు, మెట్లు దిగాడు, మంచులో నడిచాడు. రస్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"అన్నయ్యా, నువ్వు..."

"పక్కకి జరుగు."

కర్ర ట్రక్కుకి ఆనించి, ఆ కొమ్ము మీద చెయ్యి వేశాడు. మొదటినుంచి చివరిదాకా నెమ్మదిగా తడిమాడు.

"ఎక్కడ?"

"కాలిన అడవిలో, వదిన చెప్పిన చోటే. మంచు పడగానే ఆ కొత్త గడ్డికి దిగినట్టున్నాడు." రస్ నావైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి, చలికి కాదు. "మూడు వారాలు ఆ మసిలో నిన్ను తిట్టుకుంటూ తిరిగాను వదినా. తప్పయిపోయింది. నువ్వు చెప్పింది నిజమే."

ఎల్డన్ నావైపు చూడలేదు.

"ఒక్క తూటాతోనేనా?" అని అడిగాడు తమ్ముణ్ణి.

"ఒక్కటే. ఊపిరితిత్తుల్లోంచి."

"బాధపడ్డాడా?"

"లేదన్నయ్యా. నాలుగు అడుగులు వేసి కూలాడు."

"బాగా కొట్టావు." తల ఊపాడు. తిరిగి వస్తుంటే దారి మధ్యలో కాలు మడతపడింది. రస్ ముందుకి ఉరకబోతే వాడి చొక్కా పట్టుకుని ఆపాను. ఎల్డన్ కర్ర మీద బరువంతా వేసి, వణికి, నిలదొక్కుకుని, ఇంట్లోకి వెళ్ళాడు.

నవంబరు 6, గురువారం

మేమిద్దరం కొండకి వెళ్ళాల్సిన రోజు. వెళ్ళలేదు.

గడ్డం గీయబోతే మొహం తిప్పుకున్నాడు. మధ్యాహ్నం అన్నాడు, "నువ్వు తొమ్మిదో తారీకున చెప్పి ఉంటే పదిహేనున నన్ను ఎలాగో పైకి చేర్చేవాళ్ళు. రస్ మోసేవాడు."

"అవును."

"మూడేళ్ళు తిరిగాను వాడి వెనక."

"తెలుసు."

"నాకు కోపం వస్తోంది లోర్నా. రానియ్యి. సముదాయించకు."

సముదాయించలేదు. ఎదురుగా కూర్చున్నాను. అతను బూతులు తిట్టాడు, నన్ను, కొండని, ఎడమకాలిని, ఆ పోతుని. మందపు నాలుకతో సగం మాటలు అర్థం కాలేదు. ఏప్రిల్ నుంచి మొదటిసారి ఆ ఇంట్లో నాకు ఊపిరాడింది. తిట్టడం అయ్యాక ఆకలేస్తోందన్నాడు. థాంక్స్ అనలేదు.

నవంబరు 8, శనివారం

ఇవాళ్టితో సీజన్ ఆఖరు. అయినా వెళ్దామన్నాడు.

దుంగల బాట చివర ట్రక్కు ఆపాను. కాస్త ముందు పడిపోయిన మానొకటి ఉంది, దాని దాకా తనే నడిచాడు. చాలాసేపు పట్టింది. నేను వెనక నడిచాను, చేతులు జేబుల్లో పెట్టుకుని, లోపల పిడికిళ్ళు బిగించి.

గుంట గడ్డకట్టి ఉంది. ఏదీ రాలేదు. ఒక కాకి వచ్చి మమ్మల్ని చూసి పోయింది. హామ్ పెట్టిన రొట్టెలు తిన్నాం.

"ఇక్కడ కూర్చుని ఏం చేసేదానివి?" అని అడిగాడు.

"ఏమీ లేదు."

"రోజంతా?"

"రోజంతా."

చుట్టూ చూశాడు, కనుమని, ఫర్ చెట్లని, ఆ తెల్లటి గుంటని. "నేనూ అంతే," అన్నాడు. "రస్‌కి చెప్పకు. వేటాడతాననుకుంటాడు."

దిగేముందు గుంట దగ్గరి కెమెరా విప్పుకొద్దామంటే, ఉండనీ, మంచు కరిగాక తనే వచ్చి విప్పుతానన్నాడు.

నవంబరు 12, బుధవారం

రస్ మాంసం సగం తెచ్చి ఫ్రీజర్లో పెట్టాడు. నేను కాలిన అడవి సంగతి వాడికి చెప్పేశాను, ఎందుకు పంపానో కూడా. తింటున్న రొట్టె పక్కన పెట్టేశాడు. వాడికది కొత్త. చివరికి, "అయితే వదినా, నిజంగా మంచి చోటు చెప్పాలనుకుంటే ఎక్కడికి పంపేదానివో ఆ దేవుడికే తెలియాలి," అన్నాడు. వారంలో రెండు పూటలు వచ్చి అన్నయ్య దగ్గర కూర్చుంటానన్నాడు. ఇద్దరూ పేకాట మొదలుపెట్టారు, అప్పుడే దెబ్బలాట కూడా.

పొద్దున మేజోళ్ళు తొడగబోతే ఎల్డన్ కుడివైపుది తనే లాక్కున్నాడు. ఎడమవైపుది నన్ను తొడగనిచ్చాడు.

కోటు వేసుకుని బూట్లు కట్టుకున్నాను. తుపాకీ తీసుకోలేదు, కార్డులు తీసుకోలేదు.

"ఎక్కడికి?" అన్నాడు పేకముక్కలు కలుపుతూ.

"పైకి."

"దేనికి?"

"ఊరికే."

రస్ ఏదో అనబోయాడు. ఎల్డన్ బల్లకింద వాడి కాలిని తన్నాడు. మంచికాలితోనో, రెండోదాంతోనో నాకు కనిపించలేదు.

"సరే," అన్నాడు నాతో. "తలుపెయ్యి, చలి కొడుతోంది."